పట్టకి అవతలి కొస

మా ఊళ్లో శివరాత్రి అంటే ఊరు ఖాళీ అని అర్థం. నెల ముందు నుంచే తిరనాళ్లకి వెదుళ్లతో గోపురమంత ఎత్తు ప్రభ కట్టే పని మొదలవుతుంది. అప్పట్నుంచి మగాళ్లకి తిండి మీద ధ్యాస ఉండదు, పొలం మీద అసలే ఉండదు. పండగనాడు పొద్దున్నే ప్రభ కోటప్పకొండకి కదిలిందంటే దాని వెనక ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు, చంకన పిల్లల్ని వేసుకున్న ఆడవాళ్లు, అందరూ పోతారు. ఊళ్లో మిగిలేది మంచాన పడ్డ ముసలాళ్లు, కొట్టాల్లో గేదెలు, ఇంకా నేను.

నాకు జనంలోకి పోయే యోగం లేదు. నా పేరు హైమావతి, హైస్కూల్లో బయాలజీ టీచర్‌గా చేశాను. వ్యాధినిరోధక శక్తి పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. చెప్పి చెప్పి చివరికి నా ఒంట్లోనే అది లేకుండా చేసుకున్నా. నవ్వొస్తే నవ్వండి, నాక్కూడా అప్పుడప్పుడు వస్తుంది.

సంగతేందంటే, నా కిడ్నీలు రెండూ చెడిపోయాయి. మా అక్క యశోద తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కూడా తిడతానే ఇచ్చింది. "చిన్నప్పుడు జడపిన్నులు లాక్కున్నావు, పెద్దయ్యాక చీరలు లాక్కున్నావు, ఇప్పుడిదొకటి. ఇంకేమన్నా అడిగావంటే చీపురు తిరగేస్తా" అంది. ఆపరేషన్ అయ్యాక నన్ను తనింట్లోనే పెట్టుకుంది. నాకు మేడ మీద గది, దానికి బయటినుంచి మెట్లు, కిటికీలకి దోమతెరలు. కింద బావ కోటేశ్వరరావు, వాళ్లబ్బాయి చైతన్య, కోడలు వర్షిణి.

ఆ అక్క నిరుడు మిరపకాయల కాలంలో పోయింది. ఇంటి పక్కనే కాయలు ఆరబోసే మా కల్లం. సాయంత్రం ఎండుకాయల మీద పరదా పట్ట కప్పుతా కప్పుతా కూలబడిపోయింది. గుండె అన్నారు. పట్ట కప్పడానికి ఇద్దరు కావాలి, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. చిన్నప్పట్నుంచీ ఆ రెండో మనిషిని నేనే. ఆ రోజు మాత్రం అక్క ఒక్కతే పట్టతో పెనుగులాడుతుంటే నేను పైన కిటికీలోంచి చూస్తా ఉన్నా.

కల్లంలోకి నేను దిగకూడదు. అది డాక్టర్ జెబా పెట్టిన ఆంక్ష. గుంటూరులో నన్ను చూసే డాక్టరమ్మ ఆవిడ. "మీకు తెలియనిదేముంది టీచర్‌గారూ" అంటానే మొత్తం చెప్పేది. తెల్లకణానికి కళ్లుండవు, ఒంట్లోకి వచ్చినదాన్ని తడిమి చూస్తుంది. బూజు పైగోడలో మన ఒంట్లో ఎక్కడా లేని చక్కెర జాతి పదార్థం ఒకటి ఉంటుంది. అది తగిలిందంటే ఇది మనది కాదని తెలిసిపోతుంది, పట్టుకుని మింగేస్తుంది. మింగలేనంత పొడుగ్గా పెరిగిపోతే కొన్ని కణాలు తమ లోపలి పోగుల్నే వలలా విసిరి దాన్ని చుట్టేసి, తామూ చస్తాయి.

"కానీ గాలిలో తిరిగే బూజు విత్తనం, సిద్ధబీజం ఉంది చూశారూ, అది దొంగ. పైన కోటు లాంటి పొర వేసుకుని వస్తుంది. తడిమినా తెలియదు. లోపల చోటు చూసుకుని, తడికి ఉబ్బి మొలకెత్తేటప్పుడు ఆ కోటు చిరుగుతుంది. అప్పుడు కాపలావాళ్లు మెలకువగా ఉంటే మనిషికి ఏమీ కాదు. మీ కాపలావాళ్లకి మనమే మాత్రలిచ్చి నిద్రపుచ్చాం కదా. అందుకే కల్లాలు, గడ్డివాములు, పాత గోతాలు, వాటి జోలికి పోవద్దు. పోతే ప్రాణం మీదికొస్తుంది."

నిద్రపుచ్చకపోతే అవి అక్క కిడ్నీని పరాయిదంటాయి, చంపేస్తాయి. అక్క లోపల ఉండాలంటే నా తలుపు ఎప్పుడూ తీసే ఉండాలి. తీసిన తలుపులోంచి అక్క ఒక్కతే వస్తుందని ఏముంది?

ఇందులో తమాషా ఏందంటే, తలుపు దగ్గర మా అక్కంత గట్టి మనిషి ఊళ్లో లేదు. ఎవరు తలుపు కొట్టినా లోపల్నుంచి "ఎవరే అది?" అని గద్దించేది. మగాడైనా సరే "ఎవరే" అనే అనేది. బావ కూడా పేరు చెప్పుకుంటే గాని లోపలికి రాలేడు. నేనైతే "నేనే అక్కా, హైమాని" అనాలి, అప్పుడు గొళ్లెం చప్పుడయ్యేది. ఇంకో చాదస్తం కూడా ఉండేది. దీపాలు పెట్టే వేళ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకనిచ్చేది కాదు. "మనిషైతే మూడోసారి పిలుస్తుందే. కానిదైతే రెండుతో ఆగుతుంది" అనేది. సైన్సు టీచర్ని కదా, పడీపడీ నవ్వేదాన్ని.

అక్క పోయాక నాతో మాట్లాడేవాళ్లు తగ్గారు. వాళ్ల తప్పు కాదు. వర్షిణి పళ్లెం తెచ్చి పైమెట్టు మీద పెట్టి, "చిన్నత్తయ్యా, అన్నం" అని కేకేసి దిగిపోతుంది, దగ్గరికొస్తే నాకు ఏమన్నా అంటుకుంటుందని భయం. బావ కిందినుంచే చెయ్యి ఊపుతాడు. నన్ను తాకిన మనిషి ఎవరంటే, నెలకోసారి రక్తం తీసే నర్సు. "ఏమే హైమా" అని పిలిచే నోరు లేదు. పొట్టకి కుడివైపు కింద, అక్క కిడ్నీ ఉన్నచోట అరచెయ్యి పెట్టుకుని రాత్రిళ్లు మాట్లాడేదాన్ని. పిచ్చి అనుకున్నా సరే. లోకంలో అక్కది ప్రాణంతో మిగిలింది అదొక్కటే, దాన్ని కాపాడుకోవడం తప్ప నాకు వేరే పని లేదు.

ఇంక ఈ ఏడు శివరాత్రి సంగతి.

బాగా ఎండిన మిరపకాయ టిక్కీ గోతాల్లోకి తొక్కేటప్పుడు విరిగిపోతుందని మావాళ్లు ముందు కాస్త నీళ్లు చల్లి పోగేస్తారు. బావ కూడా చల్లాడు. మర్నాడు తొక్కిద్దామనుకున్నాడు. ఇంతలో కూలీలు ప్రభ పనికి పోయారు, వాళ్ల వెనకే బావా పోయాడు. తడి చల్లిన పోగు కల్లం చివర రేకుల కొట్టంలో పట్ట కింద అట్లాగే ఉండిపోయింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మిరప ఘాటు కింద ఇంకో వాసన వచ్చేది, ముక్కిపోయిన బియ్యం వాసన. కిటికీలు మూసుకున్నా. పండగ పూట చెబితే ఎవరు వింటారు?

పండగనాడు మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. కల్లంలో తర్వాతి కోత కాయలు ఎండి ఎర్రగా పరిచి ఉన్నాయి. ఊరంతా చప్పుడు లేదు. పొద్దువాలే వేళకి పడమటి నుంచి నల్లగా మబ్బు లేచింది. గాలి తిరిగింది. కరెంటు పోయింది. గేదెలు అరవడం మానేశాయి.

కాలంగాని కాలంలో వాన. తడిస్తే కాయలన్నీ రంగు పోయి తాలు కాయలైపోతాయి. బావకి ఫోన్ చేశా, తిరనాళ్ల హోరులో ఎత్తలేదు. చైతన్యా ఎత్తలేదు.

కిటికీ దగ్గర నిలబడి ఉన్నా. చీకటి పడుతోంది. తొలి చినుకు రేకు మీద టక్‌మని పడింది.

"హైమా..."

కల్లం వైపు నుంచి. దాహంగా ఉన్న గొంతులా ఉంది.

నా చెవుల భ్రమే అనుకున్నా. గాలి రేకుల్ని ఊపుతోంది. ఇంకో చినుకు. ఇంకొకటి.

"ఏమే హైమా... వానొస్తందే. పట్ట పట్టుకో రా..."

ఏడాది అయింది నన్ను అట్లా ఎవరన్నా పిలిచి. అదే విసుగు. అదే "ఏమే". మూడోసారి దాకా ఆగాలని నాకు తెలియక కాదు. ఆగలేకపోయాను, అంతే.

"వస్తన్నా అక్కా!" అన్నాను.

మూడో పిలుపు రాలేదు.

మాస్కు పెట్టుకుని మెట్లు దిగాను. చెప్పుల్లేకుండా కల్లం తొక్కుకుంటూ పోతుంటే కాయలు కాళ్ల కింద పటపటమన్నాయి. కొట్టంలో పోగు మీద పట్ట. పాతది, అక్కడక్కడా చిల్లులు. దాన్ని తీసి కల్లంలో కాయల మీద రెండు మడతలు వేసి కప్పితేగాని నీళ్లు దిగకుండా ఆగవు. ఆ పద్ధతి అక్క నేర్పిందే.

ఇవతలి కొస పట్టుకుని లాగాను. బరువు. మళ్లీ లాగాను.

తేలికైంది.

అవతలి కొస కూడా లేచింది. నేను రెండు చేతులూ ఎత్తి పట్టుకుంటే, అటువైపు కూడా సరిగ్గా అంతే ఎత్తుకి లేచింది. మధ్యలో పట్ట నిలువునా అడ్డం. దాని వెనక ఎవరున్నారో కనపడటం లేదు. పైఅంచు మీద వేళ్లు మాత్రం... చీకట్లో నాలుగు, నాలుగు.

పోగు లోపల్నుంచి వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. బూజు వాసన. కాయలన్నీ ఒకదానికొకటి అంటుకుని, బూడిదరంగు నూగుతో ఉన్నాయి. చూసి కూడా నేను వెనక్కి పోలేదు. చెబితే సిగ్గు... నాకు ఆ నిమిషాన ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

"అక్కా?" అన్నాను మాస్కులోంచి.

"ఏందే గొణుగుతావు... ఆ గుడ్డ తీసెయ్యి. వినపడటంలా..."

మాస్కు కిందికి లాగాను.

"దులుపు..."

దులిపాం. అలవాటైన పనే కదా, చేతులకే తెలుసు. ఒకటి. రెండు. పట్ట ఫట్‌మని కొట్టుకున్నప్పుడల్లా దాన్నిండా పట్టి ఉన్న పొడి లేచింది. గాలంతా పొడి. నాలిక మీద మట్టి రుచి. కళ్లు మండాయి. గట్టిగా ఊపిరి పీల్చి దగ్గాను, దగ్గి మళ్లీ పీల్చాను.

"మడత..."

మడత వేసేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నడవాలి. నేనొక అడుగు వేశాను. అటునుంచి కాయలు విరిగిన చప్పుడు వినపడలేదు. కానీ పట్ట దగ్గరైంది. ఇంకో అడుగు. ఇంకొంచెం దగ్గరైంది. వాన వాసన, మిరప ఘాటు, వాటి కింద ఆ ముక్కిన వాసన. అది ఇప్పుడు పోగులోంచి రావడం లేదు. ఎదురుగా, నా ముఖమంత ఎత్తునుంచి వస్తోంది.

కొసలు కలిశాయి. నా చేతులు ఆ చేతుల మీద పడ్డాయి.

చల్లగా ఉన్నాయి. మెత్తగా, తడిగా... నూగుగా.

మా అక్క కుడిచేతి ఉంగరపు వేలు సగమే ఉంటుంది. గడ్డి కోసే మిషన్లో పోయింది. ఎప్పుడు పట్ట మడిచినా ఆ మొండి వేలు నా అరచేతికి తగిలేది. అక్కని కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టేదాన్ని ఆ వేలితో.

ఇప్పుడు నా చేతి కింద ఉన్న వేళ్లు... అన్నీ నిండుగా ఉన్నాయి.

ఎట్లాగో గొణిగాను.

"అక్కా... నీ వేలు..."

పట్ట వెనక ఊపిరి చప్పుడు కూడా లేదు. చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత, నా అరచేతి కిందే, ఆ ఉంగరపు వేలు మెల్లగా... మెల్లగా... సగానికి కుంచించుకుపోయింది.

కేక పెట్టానో లేదో గుర్తులేదు. పట్ట వదిలేసి పరిగెత్తాను. మెట్లు ఎట్లా ఎక్కానో తెలియదు. తలుపు వేసి, గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చున్నా. వాన దబదబా పడుతోంది. వాన చప్పుడులో ఎవరో కల్లమంతా తిరుగుతా పని చేసుకుంటున్నట్టే ఉంది.

మర్నాడు బావ వాళ్లు వచ్చారు. బావ కల్లం చూసి మెట్ల దగ్గరికొచ్చి పైకి చూశాడు.

"ఏందమ్మా హైమా, పట్ట నువ్వు కప్పావా? ఒక్కదానివే?"

చూశాను. కాయల మీద పట్ట రెండు మడతలు వేసి ఉంది. మూలమూలకి రాయి పెట్టి, తాడు బిగించి ఉంది. ఒక్క కాయ తడవలేదు. బావ కళ్లనిండా నీళ్లు. "అచ్చం మీ అక్క కప్పినట్టే ఉందమ్మా" అన్నాడు. ఆ మాట అన్నాక ఇంకేం చెప్పాలి?

పండగైన కొద్దిరోజులకే జ్వరం మొదలైంది. తర్వాత దగ్గు, దగ్గులో నెత్తురు చార. గుంటూరు తీసుకుపోయారు. స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో గుండ్రటి మచ్చ, చుట్టూ మసక. డాక్టర్ జెబా ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసింది.

"కల్లంలోకి దిగారా?"

"దిగాను."

"ఎందుకమ్మా? ఎవరు రమ్మన్నారు?"

దుప్పటి గడ్డం దాకా లాక్కున్నా.

బూజుకి మందు ఎక్కించారు. మందొక్కటే చాలదంది డాక్టరమ్మ. "మీ కాపలావాళ్లని కొంచెం లేపాలి. నిద్రమాత్రల డోసు తగ్గిస్తా. లేచినవాళ్లు ముందు బూజు మీద పడతారో, మీ అక్కగారి కిడ్నీ మీద పడతారో నేను చెప్పలేను."

"వద్దండీ. అక్కని నేను పంపించను" అన్నాను. అని, చిన్నపిల్లలా ఏడ్చాను. ముసుగేసుకుని వచ్చినదానికి తలుపు తీసింది నేను, దెబ్బ తినేది అక్కా?

డాక్టరమ్మ నా మంచం మీదే కూర్చుంది. గ్లవుజు తీసి వట్టి చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "మీరు లేకపోతే ఆవిడ కూడా ఉండదు కదమ్మా" అంది. సరేనన్నాను.

ఇప్పుడు ఇంటికొచ్చేశాను. మచ్చ చిన్నదైంది, పోలేదు. రక్తం పరీక్షలో కిడ్నీ లెక్క ఒకసారి బాగుంటుంది, ఒకసారి బాగుండదు. లోపల ఏదో కొట్లాట జరుగుతోంది. ఎవరు ఎవర్ని తడిమి చూస్తున్నారో నాకు తెలియడం లేదు. గొంతు బొంగురుపోయింది, మాటకి ముందు చిన్న దగ్గొకటి అలవాటైంది.

రోజూ దీపాలు పెట్టే వేళకి కల్లం వైపు నుంచి పిలుపు వస్తుంది. రెండేసార్లు. నేను పలకను. దుప్పటి నోట్లో కుక్కుకుని మూడోదాని కోసం చెవులు రిక్కించి ఉంటాను. వస్తే అది మా అక్కే. ఇంతవరకు రాలేదు. రాలేదని భయం తగ్గాలి కదా, ఏడుపొస్తుంది.

నిన్న మాత్రం పిలుపు కల్లంలోంచి రాలేదు. మెట్ల మీద నుంచి వచ్చింది.

"హైమా..."

పళ్లెం పెట్టే పైమెట్టు దగ్గర్నుంచి.

"ఏమే హైమా..."

రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నా. ఊపిరి బిగబట్టా. తలుపుకి అవతల ఆ ముక్కిన వాసన.

మూడో పిలుపు లేదు.

పొట్టకి కుడివైపు కింద, కుట్లు ఉన్నచోట, వెచ్చగా ఏదో కదిలింది. నా అరచేతుల కిందే నా పెదాలు కదిలాయి. నేను కదపలేదు. నా నోట్లోంచి మాట వచ్చింది, గట్టిగా, గద్దించినట్టు, మా అక్క గొంతుతో.

"ఎవరే అది?"

అక్క లోపలే ఉంది. మెలకువగా ఉంది. నా కాపలావాళ్లు అడగని మాట తను అడిగింది. ఆ ఒక్క క్షణం నేను ఒంటరిదాన్ని కాదు.

బయట చప్పుడు ఆగింది. చాలాసేపు ఏమీ లేదు... కల్లంలో ఆ రోజు ఆగినట్టే, ఏదో సరిచేసుకుంటున్నట్టు.

తర్వాత చిన్న దగ్గు వినపడింది. బొంగురు గొంతు. నా గొంతు.

"నేనే అక్కా... హైమాని. తలుపు తియ్యి. వానొస్తంది..."

నా కుడిచెయ్యి నోటి మీంచి దానంతటదే దిగి, గొళ్లెం వైపు పోతా ఉంది. మా అక్క నాకు తలుపు తియ్యని రోజు లేదు.